సైనైడ్ దిబ్బ ఎదురుగా నేను పెట్టిన కిటికీలు

ఇల్లు కట్టుకునే కుర్రవాళ్ళు ఈ మధ్య ఫోన్లు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. ఫోన్‌లో ఒక కిటికీ బొమ్మ, దాని కింద వరసగా అంకెలు. "సార్, మీరు కిటికీల కంపెనీలో చేసి రిటైరయినారు కదా, దీంట్లో ఏది మంచిదో చూసి చెప్పండి" అంటారు. నేను కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని, మంత్రిగారిలా చెప్పడం మొదలుపెడతాను. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంటుంది. "ముందు ఆ టింబర్‌మన్ తాత ఇంట్లో చేసిన ఘనకార్యం చెప్పండి. మీ నంబర్లు ఆ తరవాత చెప్దురు గానీ!"

వచ్చిన ప్రతివాడికీ నోటితో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అందుకే రాసి పెడుతున్నాను. ఇది చదివితే నా పరువు పోతుందని మీరేమీ బెంగపడనక్కర్లేదు. మా ఆండర్సన్‌పేటలో అది పోయి చాలా కాలమైంది.

నా ఉద్యోగమంతా బెంగళూరులో కిటికీలు తయారుచేసే ఒక కంపెనీలో గడిచింది. మొదట్లో అల్యూమినియం కడ్డీలు కోసే మిషన్ దగ్గర నిలబడ్డాను. తరవాత సైట్లకు వెళ్ళి కిటికీలు బిగించాను. నిచ్చెన ఎక్కితే మోకాళ్ళు మొరాయించే వయసు వచ్చాక నన్ను కస్టమర్లకు వివరాలు చెప్పే కుర్చీలో కూర్చోబెట్టారు. అసలు చిక్కంతా ఆ కుర్చీతోనే వచ్చింది. చేతులకు పని తగ్గేసరికి ఆ బలమంతా నోటికి చేరింది.

కుర్చీ ఎక్కించే ముందు ట్రైనింగ్ ఇప్పించారు. ఏసీ గదిలో కూర్చోబెట్టి, కిటికీకి వేసే మార్కుల గురించి చెప్పారు. పిల్లలకు సబ్జెక్టుకో మార్కు ఉన్నట్టు కిటికీకి కూడా ఉంటుంది. పరీక్షగదిలో బిగించి కొలుస్తారు. మొదటిది యూ వాల్యూ. గదిలోకీ బయటికీ మధ్య వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె, తక్కువుంటే మంచిది. రెండోది మీద పడిన ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పేది. మన ఎండలకు అదీ తక్కువే ఉండాలి. మూడోది వెలుతురు. ఎక్కువుంటే పగటిపూట లైటు వేసుకునే పని ఉండదు. నాలుగోది కిటికీ మూసి ఉన్నప్పుడు సందుల్లోంచి ఎంత గాలి చొరబడుతుందో చెప్పే అంకె.

ఈ నాలుగోదాని సంగతి నేను కస్టమర్లకు ఎప్పుడూ చెప్పలేదు. దాచాలని కాదు. మొదటి మూడూ చెప్పేసరికి టీ వచ్చేది. టీ తాగాక నాలుగోది ఎవరికి గుర్తుంటుంది? కస్టమరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ట్రైనింగ్ అయ్యాక మాత్రం నాకు ఒంటి మీద స్పృహ లేకుండా పోయింది. బంధువుల పెళ్ళికి వెళ్తే కళ్యాణమండపం కిటికీలకు మార్కులు వేసేవాణ్ణి. మారికుప్పంలో పొద్దున్నే బెంగళూరు రైలు ఎక్కితే, అక్కడే బయల్దేరే బండి కాబట్టి సీటు తప్పకుండా దొరుకుతుంది. ఎదుటి సీటులో ఎవరు కూర్చుంటే వాళ్ళకు యూ వాల్యూ తగిలేది. పాపం, కదిలే రైల్లోంచి దిగలేరు కదా.

అదే బండిలో మా కంపెనీ ఫిట్టర్ కూడా వచ్చేవాడు. మా పేటవాడే. ఇంట్లో అరవం, నాతో తెలుగు, సూపర్‌వైజర్‌తో కన్నడం. కోపం వస్తే మూడూ కలిపి కొట్టేవాడు. నాకు నంబర్ సార్ అని పేరు పెట్టింది ఆ మహానుభావుడే. కంపెనీలో ఆఖరికి మేనేజరు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు ఎదుటి సీటులో ఒక టీచరమ్మ కూర్చుంది. రోజూ చూసే మనిషే, ఒళ్ళో పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దుకుంటూ పోయేది. ఆరోజు పెన్ను మూసి తనే అడిగింది.

"సార్, మీ కంపెనీలో దుమ్ము రాని కిటికీ ఉండాదా?"

"మా దగ్గర లేనిది ఏముండాదమ్మా?" అన్నాను. సంచీలోంచి బ్రోచరు అప్పుడే బయటికి వచ్చేసింది.

"నాకు కాదు సార్, మా నాయన కోసరం. అండర్‌గ్రౌండ్‌లో టింబర్‌మన్‌గా చేసినాడు. ఎదలో దుమ్ము పట్టిండాది. ఆషాఢం గాలి మొదలైందంటే ఇంగ పడుకునేకి కాదు. పడుకుంటే దగ్గు. గోడకు ఆనుకోని కూర్చోనే నిద్రపోతాడు. పోయిన సారి గాలి నిలిచేదాకా అట్లనే ఉన్నాడు. చూసేకి కాదు సార్." ఆమె ఒళ్ళో పేపర్లు సర్దుకుంది. "నాకు ఇంకేం వద్దు. ఈ గాలికాలంలో మా నాయన చాప మీద పడుకోని నిద్రపోవాల. అంతే."

గని సంగతి తెలియని వాళ్ళకు చెప్తాను. టింబర్‌మన్ అంటే లోపల తవ్విన చోట పైరాయి కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. ఆ ముసలాయన తండ్రి చిత్తూరు వైపు పల్లెనుంచి బంగారం గనికి పనికొచ్చాడు, ఈయన ఇక్కడే పుట్టాడు. గనులు మూసేశారు. సైనైడుతో బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి మాత్రం మా ఊళ్ళో కొండలుగా ఉండిపోయింది. వాటిని మేము సైనైడ్ దిబ్బలంటాం. ఆషాఢంలో పడమటి గాలి లేస్తే ఆ పిండి లేచి ఇళ్ళ మీద పడుతుంది. పప్పుడబ్బా మూత మీద, దేవుడి పటం మీద, కంటిరెప్పల మీద కూడా. టీచరమ్మ వాళ్ళ ఇల్లు ఒక దిబ్బకు సరిగ్గా ఎదురు వరసలో ఉంది.

ఇంత చెప్పింది కదా. నేనేం చేశానో తెలుసా? బంగారుపేట వచ్చేదాకా ఆమెకు ఎండవేడి గురించి చెప్పాను. రెండు పొరల అద్దం, మధ్యలో ఖాళీ, దాని యూ వాల్యూ మా కంపెనీలోనే నంబర్ వన్ అన్నాను. పక్కన ఫిట్టర్ తల గోక్కుంటూ, "సార్, ఆయమ్మ దుమ్ము అంటా ఉండాది, మీరు ఎండ అంటా ఉండారు" అన్నాడు.

"నువ్వు సుమ్మనే ఉండప్పా. మంచి కిటికీ అన్నిటికీ మంచిదే" అన్నాను. ఆ ఒక్క మాటను ఫిట్టర్ ఆ తరవాత నాకు ఎన్నిసార్లు అప్పజెప్పాడో లెక్కలేదు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళాం. ముందువైపు, దిబ్బకు ఎదురుగా రెండు కిటికీలు. వెనకవైపు, బట్టలుతికే బండ దగ్గర ఒకటి. వెనకది పాత చెక్కకిటికీ. రెక్కలు వంకరపోయి మధ్యలో వేలు దూరేంత సందు. ముసలాయన దాని కిందే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, భుజాలు మాత్రం ఇంకా దుంగలు మోసేవాడివే.

"దీన్ని ఎవరు చేసినారు పెద్దాయనా? మూసినా తెరిచినా ఒకటే మాదిరి ఉండాదే!" అని నవ్వాను.

"నేనే చేసింది. గనిలో పారేసిన కట్టె" అన్నాడాయన.

అన్న మాట కప్పిపుచ్చుకోవడానికి నేను గబగబా టేపు తీసి కొలతలు మొదలుపెట్టాను. వీధి ఇరుకు. రెక్కలు బయటికి తెరిస్తే పోయేవాళ్ళ తలకు తగులుతాయి. లోపలికి తెరిస్తే టీవీకి అడ్డం. కాబట్టి పక్కకు జరిగే స్లైడింగ్ కిటికీలు పెడదామన్నాను. మూడింటికీ అవే. అద్దం మాత్రం ఆ నంబర్ వన్ అద్దం. వంటింట్లో పైన పొగపోయే గవాక్షం ఒకటి ఉంటే, వేడి వస్తుందని అదీ అద్దంతో మూయించాను. చెక్కకిటికీని ఫిట్టర్ కోళ్ళగూటికి తలుపు చేసుకుంటానని ఆటోలో వేసుకుపోయాడు.

బిగించినరోజు నేను న్యూస్ పేపరు ముక్కతో అద్దాలు తుడిచిన తీరు చూస్తే మీకు నవ్వొచ్చేది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారా లేదా అని మధ్యమధ్యలో ఓరగా చూశాను కూడా.

గాలికాలం వచ్చింది. ఒక ఆదివారం టీచరమ్మ నన్నూ మా ఆవిడనూ, ఫిట్టర్‌నూ భోజనానికి పిలిచింది. సంగటి, ఉలవచారు. నేను మా ఆవిడను దారి పొడవునా తయారుచేశాను. ఎవరైనా పొగిడితే నువ్వు ముఖం అదోలా పెట్టొద్దు అని.

కూర్చున్నాం. గాలి లేచింది. నేను సంగటి ముద్ద చారులో అద్దుతూ యూ వాల్యూ చెప్తున్నాను. పంటికింద ఏదో కరకరమంది. ఉలవ అనుకున్నాను. రెండోసారి కరకరమంది. పళ్ళెం అంచు చూస్తే పిండి చల్లినట్టు ఉంది. గోడ దగ్గర ముసలాయన తువ్వాలు నోటికి అడ్డంపెట్టుకుని దగ్గుతున్నాడు. చాప చుట్టి మూలన పెట్టి ఉంది.

దగ్గు నిలిచాక ఆయన అన్నాడు. "నీ అద్దం శానా బాగుండాదప్పా. దుమ్ము లోపలికొచ్చేది సాఫీగా కనపడతాది."

మా ఆవిడ ఫక్కున నవ్వింది. ముఖం అదోలా పెట్టొద్దన్నానే గానీ నవ్వొద్దని చెప్పలేదు మరి.

నేను చెయ్యి కడుక్కుని లేచాను. దేవుడి గూట్లోంచి అగరొత్తి తీసి వెలిగించి, కిటికీ అంచుల వెంబడి పట్టుకు తిరిగాను. "ఏమండీ, దేవుడికి పెట్టాల్సిన అగరొత్తి కిటికీకి తిప్పుతా ఉండారే, ఇంగ కొబ్బరికాయ కూడా కొడతారా?" అంది మా ఆవిడ. రెండు అద్దాలు కలిసేచోట పొగ గదిలోకి కత్తిలా దూసుకొచ్చింది. కింద ట్రాకులో వాననీళ్ళు పోవడానికి వదిలిన చిల్లుల దగ్గర మరీ ఘోరం. స్లైడింగ్ కిటికీ జరగాలంటే కాస్త సందు ఉండక తప్పదు. ఆ సందుల్లో ఉండేది బ్రష్ పట్టీ. ఆ దిబ్బ పిండికి బ్రష్ ఒక లెక్కా? ఇవన్నీ బిగించే రోజుల్లో నా చేతులకు తెలిసిన సంగతులే. కుర్చీ ఎక్కాక చేతులు చెప్పేది వినడం మానేశాను.

మర్నాడు బ్రోచరు తీసి, నేను ఎప్పుడూ టీతో కలిపి మింగేసిన ఆ నాలుగో అంకె చూశాను. గాలి చొరబాటులో ఆ కిటికీ మా కంపెనీలో అట్టడుగున ఉంది. యూ వాల్యూలో నంబర్ వన్ కిటికీయే దుమ్ములో ఆఖరుది. సంచీ నిండా అంకెలు మోసుకు తిరిగే పెద్దమనిషికి అది కనపడలేదు.

మేనేజరు దగ్గరికి వెళ్ళి నేనే పొరపాటు చేశానని చెప్పాను. ఆయన పెద్దమనసుతో కిటికీలు మార్చడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఆ వారమంతా వచ్చిన ప్రతి కస్టమరు ముందూ, "ఈయన మా నంబర్ సార్, మూడు నంబర్లు బాగా చెప్తారు" అని నన్ను పరిచయం చేశాడు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. కానీ తప్పు దిద్దుకునే మనిషికి ఉండే ఉత్సాహం చూశారా, అది తప్పు చేసినప్పటికంటే ప్రమాదం. ఈసారి నాలుగో అంకె తప్ప ఇంకేదీ చూడనని ఒట్టు పెట్టుకున్నాను. టీవీని జరిపించి లోపలికి తెరుచుకునే రెక్కల కిటికీలు తెచ్చాను. చుట్టూ రబ్బరు పట్టీ, హ్యాండిల్ తిప్పితే నాలుగు వైపులా బిగిసే తాళం. కంపెనీలో అంతకంటే గట్టిగా మూసుకునేది లేదు. మళ్ళీ మూడింటికీ అవే. వెనకది దిబ్బవైపు లేదు కదా అని ఫిట్టర్ గొణిగాడు. నేను వినిపించుకోలేదు.

హ్యాండిల్ తిప్పాను. వీధిలో ఆటో శబ్దం టక్కున ఆగిపోయింది. అగరొత్తి పొగ నిటారుగా పైకి లేచింది. "చూడండి పెద్దాయనా, దీపం పెట్టినా అల్లాడదు ఇంగ. గాలికాలం అయ్యేదాకా ఒక్కటీ తెరవద్దండి" అన్నాను. ముసలాయన ఆ పొగను చూశాడు. తరవాత తలుపువైపు చూశాడు. టీచరమ్మ మాత్రం అలమర మీద వేలితో గీసి, వేలు చూసుకుని, నాకు దణ్ణం పెట్టింది. నేను ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు, కాళ్ళు నేల మీద ఆనలేదు.

కొన్నాళ్ళకు మోకాలి నొప్పి ముదిరి ఒకరోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. బయట గాలి ఊరిని ఊపేస్తోంది. టీచరమ్మ స్కూలునుంచి ఫోన్ చేసింది.

"సార్, పక్కింటామె ఫోన్ చేసినాది. మా నాయన వీధిలో కూర్చోని ఉండాడంట. లోపలికి రమ్మంటే రాలేదంట. మీరు ఇంట్లో ఉంటే కొంచెం పోయి చూస్తారా?"

మోకాలు మరిచిపోయి పరిగెత్తాను. ఆయన తన ఇంటి ముందు, గోడవార రాతి మీద, దిబ్బకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు. కనుబొమ్మలు తెల్లగా అయిపోయాయి. వెనక నా కిటికీలు తళతళలాడుతున్నాయి. లోపల ఒక్క రేణువు దుమ్ము లేదు, మనిషీ లేడు.

"ఏం పెద్దాయనా ఇది! లోపల అంత శుభ్రంగా ఉండాది, మీరు ఈడ కూర్చోని దుమ్ము తింటా ఉండారా?"

ఆయన ఒక్కో మాటకూ ఊపిరి కూడగట్టుకుని చెప్పాడు. "లోపల గాలి నిలిచిపోయిండాదప్పా. గాలి నిలిచిన చోట ఉండకూడదు. అండర్‌గ్రౌండ్‌లో మాకు ఫస్ట్ నేర్పింది అదే. గాలి ఆడలేదంటే సామాన్లు ఆడనే పారేసి పైకి తీసే కేజు దగ్గిరికి వచ్చేయాల. మేస్త్రీ ఉండమన్నా ఉండకూడదు."

"అది గనిలో. ఇది మీ ఇల్లు కదా!"

"నాకు తెల్సు. నా కాళ్ళకు తెల్దు. కిటికీలన్నీ మూసి కూర్చుంటే, అవే లేచి బయటికి వస్తాయి. నేనేం చేసేది?"

"ఒకటి తెరుచుకోవాల్సింది కదా."

"నువ్వే వద్దంటివి కదప్పా" అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు. "దినామూ ఇట్లనే అని పాపకు చెప్పొద్దు. ఆ బిడ్డ బడికి పోతానే వచ్చి ఈడ కూర్చుంటా, వచ్చేలోపల ముఖం కడుక్కోని లోపలికి పోతా. ఆయమ్మ సంతోషంగా ఉండాది. ఉండనీ."

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడినట్టు నటించి తుడుచుకున్నాను, అక్కడ ఆ సాకుకు కొదవ లేదు. కూతురు నన్ను అడిగింది ఆయన పడుకోవాలని. నేను ఆయన కూర్చునే చోటును గదిలోంచి వీధిలోకి మార్చాను, అంతే.

ఆయన పక్కనే రాతి మీద కూలబడి ఆలోచించాను. కంపెనీ పరీక్షగదిలో కిటికీని మూసి కొలుస్తారు. ఆ గదిలో మనుషులు ఉండరు, పొయ్యి మీద మిరపకాయ తిరగమోత ఉండదు. గాలి నిలిచిపోతే భయపడే టింబర్‌మన్ అసలే ఉండడు. ఆ అంకెలు అబద్ధం కావు. ఆ గదిలో ఉండే మనిషిని లెక్కపెట్టాల్సింది నేను. నా జీతం దానికే.

ఫిట్టర్ వచ్చాక చెప్పాను. ముందువైపు రెండూ అలాగే ఉంచుదాం, దిబ్బ అటే ఉంది కాబట్టి. వెనకనుంచి గాలి రానిద్దాం, ఇల్లే అడ్డంగా ఉంది కాబట్టి అటు దుమ్ము తక్కువ. వంటింటి గవాక్షం తెరిచేద్దాం, వచ్చిన గాలి అటునుంచి పోతుంది. వెనక ఆయన చేసిన చెక్కకిటికీయే పెడదాం, దానికి తడిపి వేలాడదీసుకోవడానికి ఒక పలచటి తెర.

"సరే సార్" అన్నాడు ఫిట్టర్. "కోళ్ళకు ఎవరు చెప్తారు?"

ఆ కిటికీ కోళ్ళగూటికి తలుపై చాలా కాలమైంది కదా. ఫిట్టర్ పెళ్ళాం దాన్ని ఇవ్వనంటే ఇవ్వనంది. "మా కోళ్ళు కుక్క నోట్లో పడాల్నా? యాడ పెట్టేది వాటిని? ఆయన మంచి కిటికీలు చేసే సారే కదా, కోళ్ళకు ఒకటి చెయ్యమను!" అంది. చివరికి నేను టీచరమ్మ ఇంట్లోంచి పీకిన స్లైడింగ్ కిటికీలో ఒక రెక్క మేనేజరును బతిమాలి తెచ్చి గూటికి బిగించాను. మిగతా మూడు వైపులా జాలీ ఉంది, గాలికి లోటు లేదు. అలా కోలారు జిల్లా మొత్తానికి యూ వాల్యూలో నంబర్ వన్ అద్దం వెనక ఫిట్టర్ కోళ్ళు కాపురం చేశాయి. గుడ్లు పెరిగాయా అని కంపెనీలో నన్ను అడగని మనిషి లేడు.

చెక్కకిటికీకి అంటిన కోళ్ళరెట్ట నేనే గీకి కడిగాను. బిగించేటప్పుడు ముసలాయన లేచి వచ్చి నిలబడ్డాడు. ఫ్రేము మీద అరచెయ్యి ఆనించి, "ఈ పక్క కొంచెం పైకి" అన్నాడు. చిన్న చెక్కముక్క అడిగి తీసుకుని, సందులో పెట్టి, సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. ఆ రెండు దెబ్బలకే ఆయాసం వచ్చి కూర్చున్నాడు. తరవాత పాత తువ్వాలు అంచు చింపి, ఆ పీలికను కిటికీ కమ్మీకి కట్టాడు. గాలికి అది కాస్త లేచి పడింది. "ఇది ఆడతా ఉంటే చాలు. నేను యాడికీ పోను" అన్నాడు.

కూతురికి మాత్రం ఆయన రోజూ వీధిలోనే కూర్చున్న సంగతి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పక్కింటామె అంతా విడమరిచి చెప్పేసింది. ఆ తిట్లు మేమిద్దరం పంచుకున్నాం.

కాబట్టి ఫోన్లు పట్టుకొచ్చే నాయనలారా, అంకెలు చూడండి, చూడొద్దని నేను అనను. నాలుగూ చూడండి. టీ వచ్చినా ఆగొద్దు. దుమ్ము ఊరికి నాలుగోది ముందు, ఎండ పడే గోడకు రెండోది ముందు. జరిగే కిటికీకంటే రెక్క కిటికీ గట్టిగా మూసుకుంటుంది. ఒక్కో గోడకు ఒక్కో కిటికీ పెట్టినా మిమ్మల్ని ఎవరూ పట్టుకెళ్ళరు. అన్నిటికీ ముందు ఆ కిటికీ పక్కన ఎవరు కూర్చుంటారో అడగండి. వాళ్ళను అడగండి, నన్ను కాదు.

ఇంక మా ఆవిడ అందరికీ ముందుగా చెప్పేది ఏంటంటే, ఆ తరవాతి ఆదివారం సంగతి.

ఆరోజు గాలి మరీ విపరీతంగా ఉంది. మధ్యాహ్నం అన్నం తిని, కిటికీలు ఎలా ఉన్నాయో చూద్దామని వెళ్ళాను. పొగిడితే వినొచ్చని కూడా వెళ్ళాను, దాచడమెందుకు. వీధి తలుపు తోసి అడుగు పెట్టేసరికి ముసలాయన నేలమీద వెల్లకిలా పడి ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. ఒక చెయ్యి చాప అవతలికి వాలిపోయింది. ఎన్నాళ్ళనుంచో ఆయన్ని చూస్తున్నాను గానీ, గోడకు ఆనుకుని తప్ప ఇంకోరకంగా ఎప్పుడూ చూడలేదు. బయట గాలి హోరులో ఊపిరి ఉందో లేదో వినపడలేదు.

"పెద్దాయనా!" అని వీధంతా దద్దరిల్లేలా అరిచి, మోకాళ్ళ మీద పడి, ఆయన భుజాలు పట్టుకుని ఊపేశాను.

ఆయన కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. కాసేపటికి గుర్తుపట్టాడు.

"థూ, నీ అబ్బా! ఇన్నాళ్ళకు పడుకుంటే లేపినావు కదరా!"

వంటింట్లోంచి టీచరమ్మ గరిటె చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది సార్? నాయనకు ఏమైంది?"

"ఏం కాలేదమ్మా" అన్నాను. "పడుకోనుండాడు."

అప్పటిదాకా ఆమె కూడా చూసుకోలేదు. గరిటెలోంచి చారు బొట్లు బొట్లుగా నేలమీద పడుతున్నా అలాగే నిలబడిపోయింది. ముసలాయన మా ఇద్దరినీ విసుగ్గా చూసి, అటు తిరిగి, మళ్ళీ పడుకున్నాడు.